తక్కువ ఖర్చులో బీఫ్, రాజ్మా కలిపి పెద్ద గిన్నెడు వండాలి, ఎలా?

కొత్తగిన్నె
అందరికీ నమస్తే. ముగ్గురం కలిసి ఉంటున్నాం, ఈ వారం వంట నా మీద పడింది. చేతిలో డబ్బులు తక్కువ. అరకిలో బీఫ్, అరకిలో ఎండు రాజ్మా తెచ్చి, చిక్కగా కారంగా కలిపి వండాలని ఉంది. వేడివేడిగా తింటే కడుపు నిండి ఒళ్లు తేలికపడాలి. ఒకసారి వండితే ముగ్గురికీ నాలుగు పూటలు రావాలి. మందపాటి అడుగున్న పెద్ద గిన్నె, ఐదు లీటర్ల కుక్కర్, రెండు బర్నర్ల స్టవ్ ఉన్నాయి. ఓవెన్ లేదు.

కీమా తీసుకోవాలా, ముక్కలా? ముక్కలైతే ఏ భాగం? గింజలు ఎండువా, డబ్బావా? అన్నీ ఒకేసారి గిన్నెలో పడేసి మూత పెట్టేస్తే అయిపోతుందా?

ఇనపమూకుడు
ఆఖరి ప్రశ్నకి ముందు చెప్తా. అవ్వదు తమ్ముడూ. ముక్క ఉడికే టైము వేరు, గింజ ఉడికే టైము వేరు, పైగా టమాటా పడిందంటే గింజ మొండికేస్తుంది. మూడూ ఒకేసారి వేస్తే ఏదో ఒకటి పాడవుతుంది.

ఇక భాగం సంగతి. షాపుకెళ్లి "మెత్తటిది ఇవ్వు" అని అడక్కు. ఆ ఖరీదైన కండని రెండు గంటలు ఉడికిస్తే పొడిబారి పీచులా తయారవుతుంది, డబ్బు దండగ. కాలి పిక్క, మెడ, భుజం, రొమ్ము. వీటిలో ఏది చవగ్గా దొరికితే అది. పశువు రోజంతా వాడే కండరాలు కాబట్టి గట్టిగా ఉంటాయి, మధ్యలో తెల్లటి పొరలు కనిపిస్తాయి. ఆ పొరలు చూసి వెనకాడకు, నీకు కావాల్సినవే అవి. నాకు పిక్క ఇష్టం.

రసాయనశాల
ఆ పొరల్లో ఉండేది కొల్లాజెన్. 70 డిగ్రీల సెల్సియస్ దాటాక అది జెలటిన్‌గా, అంటే మెత్తటి జిగురుగా, మారడం ఊపందుకుంటుంది, కానీ పూర్తవడానికి గంటలు పడుతుంది. కండలోని మిగతా ప్రొటీన్లేమో అంతకంటే ముందే, 60-65 డిగ్రీల దగ్గరే బిగుసుకుని నీరు వదిలేస్తాయి. అందుకే ముక్క ముందు గట్టిపడి, తర్వాత మెత్తబడుతుంది. ముప్పావు గంటకి రుచి చూసి "ఈ మాంసం బాలేదు" అని దించేసేవాళ్లు చాలామంది. అది ఇంకా సగం దారిలోనే ఉంటుంది.

డబ్బాపప్పు
ఎండు గింజలు చవక, ఒప్పుకుంటా. కానీ నానబెట్టడం, గంటసేపు గ్యాస్, కనిపెట్టుకుని ఉండటం కూడా ఖర్చే కదండీ. డబ్బావి ఉడికే వస్తాయి. నీళ్లు వంపేసి, కడిగి వేసుకోవడమే. అలా వంపి కడిగితే డబ్బాలోని ఉప్పు మూడో వంతుకి పైగా పోతుంది. లెక్క కోసం: 400 గ్రాముల డబ్బాలో నీళ్లు వంపేశాక గింజలు 240 గ్రాముల దాకా ఉంటాయి.

కుక్కర్_కూత
అక్కా, అతనికి కావాల్సింది పన్నెండు మందికి సరిపడా వంట. అరకిలో ఎండు గింజలు ఉడికితే కిలో మీద పావు దాకా అవుతాయి, అంటే నీ లెక్కలో ఐదు డబ్బాలు. ఎక్కడ కొన్నా ఎండువే చవక. కుక్కర్ ఉన్నవాడికి డబ్బా ఎందుకు?

డబ్బాపప్పు
కుక్కర్ ఉన్నవాళ్లందరికీ టైము కూడా ఉంటుందనుకోకు తమ్ముడూ 🙂

నిదానం
నా దగ్గర స్లో కుక్కర్ ఉంది. పొద్దున గింజలు, మాంసం, ఉల్లిపాయ, నీళ్లు పోసి 'లో' (తక్కువ వేడి) మీద పెట్టి ఆఫీసుకి వెళ్లిపోతే సాయంత్రానికి తయారు. అంత తేలికైన పనికి ఇంత చర్చ దేనికి?

రసాయనశాల
నిదానం గారూ, రాజ్మాతో ఆ పని చేయకండి. ఇది మాత్రం గట్టిగానే చెప్తున్నా.

పచ్చి రాజ్మాలో, ముఖ్యంగా ఎర్రవాటిలో, ఫైటోహీమాగ్లూటినిన్ అనే లెక్టిన్, అంటే ఒక రకం విషపు ప్రొటీన్, ఉంటుంది. సరిగా ఉడకని గింజలు నాలుగైదు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వికారం, వాంతులు, తర్వాత విరేచనాలు మొదలవ్వచ్చు. నీళ్లు బుడగలొచ్చేలా మరిగే వేడికి అది నశిస్తుంది. స్లో కుక్కర్ 'లో' మీద ఉంటే చాలాసార్లు అంత వేడికి చేరదు. 80 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంటే విషం తగ్గడం పోయి పెరగవచ్చు కూడా. గింజ పైకి మెత్తగానే కనిపిస్తుంది, అదే అసలు ప్రమాదం.

కనీసం 5 గంటలు నానబెట్టాలి. ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో తెర్లే మరుగు మీద 10 నిమిషాలకి తగ్గకుండా ఉడికించాలి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 30 నిమిషాలు మరిగించమంటుంది, నేనూ అదే పాటిస్తా. ఆ తర్వాత స్లో కుక్కర్‌లో వేసుకుంటే ఇబ్బంది లేదు. డబ్బా గింజలకి ఈ గొడవే లేదు, ప్రెషర్ కుక్కర్‌లో పూర్తిగా ఉడికినవాటికీ లేదు.

నిదానం
నేను ఎప్పుడూ డబ్బావే వేస్తాను, అందుకే తెలియలేదు. మంచి మాట చెప్పారు.

డబ్బాపప్పు
ఎండు గింజలైనట్టు ఎంత ధీమాగా చెప్పారండీ నిదానం గారూ 😄

సన్నమంట
ఇప్పుడే చూశాను. తమ్ముడూ కొత్తగిన్నె, నువ్వు పెట్టుకున్న లెక్క సగానికి సగం కదా, అది బాగుంది, మార్చకు. ఇలాంటి వంటలో ఖర్చు తగ్గేది చవక మాంసం కొనడం వల్ల కాదు, మాంసం తక్కువ వేయడం వల్ల. గిన్నెని నింపేది గింజలు. మాంసం వాటికి రుచి ఎక్కించడానికి. మనిషికి పూటకి నలభై గ్రాముల మాంసమే వస్తుంది, అయినా తక్కువైందని ఎవరూ అనరు, ఎందుకంటే ప్రతి గింజలోనూ ఆ రసం పట్టి ఉంటుంది. అది పట్టాలంటే మాత్రం వరసలో చేయాలి.

ముందు రోజు రాత్రి రాజ్మా కడిగి, లీటరున్నర నీళ్లలో ఒకటింబావు టేబుల్ స్పూన్ల ఉప్పు కలిపి నానబెట్టు. మర్నాడు ఆ నీళ్లు పారబోసి కడిగి, కొత్త నీళ్లు గింజల మీద మూడు వేళ్ల ఎత్తు పోసి పొయ్యి మీద పెట్టు. రసాయనశాల గారు చెప్పిన అరగంట బాగా మరగనిచ్చి, మంట తగ్గించి, ఒక బిర్యానీ ఆకు, చితక్కొట్టిన వెల్లుల్లి రెండు రెబ్బలు వేసి ఉడకనివ్వు. గింజ వేళ్ల మధ్య నొక్కితే నలగాలి, కానీ పొట్టు ఊడి పోకూడదు. ఉడికించిన నీళ్లు పారబోయకు, గ్రేవీకి అవే కావాలి.

రెండో పొయ్యి మీద మాంసం. మూడు సెంటీమీటర్ల ముక్కలు చేసి, బట్టతోనో కాగితంతోనో తడి లేకుండా అద్దు. మూడు విడతలుగా వేయించు. ఎందుకో ఇనపమూకుడు చెప్తాడులే, అతను దాని గురించి ఒక రాత్రంతా మాట్లాడగలడు. ముక్కలు తీసేసి అదే కొవ్వులో మూడు పెద్ద ఉల్లిపాయల తరుగు, చిటికెడు ఉప్పు వేసి బంగారు రంగు వచ్చేదాకా పదిహేను ఇరవై నిమిషాలు వేయించు. ఇక్కడ తొందరపడొద్దు. తర్వాత ఆరేడు వెల్లుల్లి రెబ్బలు, రెండు టీస్పూన్ల జీలకర్ర పొడి, రెండు టీస్పూన్ల ధనియాల పొడి, మీరు తినగలిగినంత కారం వేసి అర నిమిషం తిప్పు. కారం మాడితే చేదెక్కుతుంది, జాగ్రత్త. అరకప్పు నీళ్లు పోసి అడుగున అంటుకున్నదంతా గరిటెతో గీకు. మాంసం తిరిగి వేసి, మునిగీ మునగనట్టు గింజల నీళ్లు పోసి, మూత పెట్టి సన్న మంట మీద గంటన్నర ఉంచు. చిన్న బుడగలు అప్పుడొకటి అప్పుడొకటి రావాలి, తెర్లకూడదు.

ముక్క సగానికి పైగా మెత్తబడ్డాక అరకిలో టమాటాలు తరిగి వేసి, ఉడికిన గింజలు కూడా వేసి ఇంకో ముప్పావు గంట. చివరి పావుగంట మూత తీసెయ్యి.

కొత్తగిన్నె
అక్కా, దండాలు. ఇది ప్రింట్ తీసి గోడకి అంటిస్తా.

కుక్కర్_కూత
అక్క పద్ధతి గొప్పదే, కానీ గ్యాస్ లెక్క కూడా చూడాలి కదా? కుక్కర్‌లో పూర్తి ప్రెషర్ దగ్గర లోపల 120 డిగ్రీల దాకా వెళ్తుంది. నానిన రాజ్మాకి ప్రెషర్ వచ్చాక పది పన్నెండు నిమిషాలు, ఈ సైజు బీఫ్ ముక్కలకి ముప్పై ఐదు నిమిషాలు చాలు. రెండు సందర్భాల్లోనూ స్టవ్ కట్టేసి ప్రెషర్ దానంతటదే దిగనివ్వాలి. గబుక్కున ఆవిరి వదిలేస్తే గింజలు పగిలిపోతాయి, ముక్క గట్టిబడుతుంది. గింజలూ నీళ్లూ కలిపి కుక్కర్‌లో సగానికి మించి నింపొద్దు. రాజ్మా నురగ కడుతుంది, ఆ నురగ వెళ్లి ఆవిరి దారికి అడ్డం పడుతుంది. ఒక చెంచా నూనె వేస్తే నురగ తగ్గుతుంది.

ఉల్లిపొర
ఎన్ని విజిల్సో చెప్పు బ్రో. నిమిషాలు ఎవడు లెక్కపెడతాడు?

కుక్కర్_కూత
విజిల్స్ లెక్క ఒక్కో కుక్కర్‌కి ఒక్కోలా ఉంటుంది. మంట పెద్దదైతే గబగబా వస్తాయి, చిన్నదైతే రానే రావు. మొదటి విజిల్ వచ్చాక మంట బాగా తగ్గించి గడియారం చూడు. పేరు కూత అని పెట్టుకుని కూతలు లెక్కపెట్టొద్దంటున్నానని నవ్వుకోండి, పర్లేదు.

ఇనపమూకుడు
పిలిచారు కాబట్టి వచ్చా.

మాంసం ఎర్రగా వేగి కమ్మటి వాసన రావాలంటే దాని పై పొర 140 డిగ్రీలు దాటాలి. నీళ్లున్నంత సేపూ అది 100 దాటదు. మూకుడు నిండా ఒకేసారి పోస్తే ముక్కలు నీరు వదులుతాయి, ఆ నీళ్లు ఇగరడానికే వేడంతా పోతుంది. అది వేగడం కాదు, ఆవిరి స్నానం. అందుకే తడి అద్దాలి, ముక్కకీ ముక్కకీ మధ్య ఖాళీ ఉండాలి, మూకుడు పొగ రాబోయేంత వేడిగా ఉండాలి. వేసిన తర్వాత మూడు నిమిషాలు కదపొద్దు. అడుగు వేగితే ముక్క తనంతట తనే విడివడుతుంది. అంటుకుని లాగుతోందంటే ఇంకా కాలేదన్నమాట. అన్ని వైపులా వేయించనక్కర్లేదు, రెండు వైపులు ఎర్రబడితే చాలు.

ఇంకోటి. ఇలా వేయిస్తే రసం లోపలే బంధించబడుతుందని చెప్తుంటారు. అదేం లేదు. వేయించేది రుచి కోసం, రంగు కోసం. అందుకే అడుగున అంటుకున్న గోధుమరంగు పొరని వదిలెయ్యొద్దు, గీకి కలపాలి. దాన్ని కడిగి పారేసేవాళ్లని చూస్తే నాకు కడుపు రగిలిపోతుంది.

ఉల్లిపొర
అన్నా, ఊపిరి తీసుకో.

నీటిచుక్క
సన్నమంట గారూ, ఒక సందేహం. గింజలు నానబెట్టే నీళ్లలో ఉప్పు వేయమన్నారు. ఉప్పు వేస్తే గింజలు ఉడకవని నేను చిన్నప్పటి నుంచీ వింటున్నా. ఏది నిజం?

రసాయనశాల
అక్క చెప్పిందే నిజం. గింజ పొట్టుని గట్టిగా పట్టి ఉంచేది పెక్టిన్. దాన్ని బిగించేవి కాల్షియం, మెగ్నీషియం. నానే నీళ్లలో ఉప్పు ఉంటే సోడియం వాటి చోట్లోకి వెళ్తుంది, పట్టు సడలుతుంది, పొట్టు మెత్తగా ఉడుకుతుంది, పగలడమూ తగ్గుతుంది. లీటరుకి 15 గ్రాముల ఉప్పు చాలు.

గింజని మొండికేయించేది ఉప్పు కాదు, పులుపు. టమాటా, నిమ్మరసం, వెనిగర్, ఏదైనా సరే. పులుపులో పెక్టిన్ కరగదు. బెల్లం కూడా అడ్డుపడుతుంది, దానిలోని కాల్షియం వల్ల. ఉప్పునీళ్లయిన బోరునీళ్లలో గింజలు ఉడకకపోవడానికి కారణం కూడా ఉప్పు కాదు, ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియమే. బహుశా ఉప్పు మీద నింద అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

నీటిచుక్క
ఓహో. మా ఇంట్లో చెప్తే ఒప్పుకోరు గానీ, చేసి చూపిస్తా.

నిర్వాహకుడు
వంటకి సంబంధం లేని రెండు వ్యాఖ్యలు తీసేశాను. ఎవరు ఏం తినాలన్నది ఈ చర్చలో విషయం కాదు. కొనసాగించండి.

కీమాప్రియ
కీమా గురించి ఎవరూ మాట్లాడలేదేం? కొత్తగిన్నె అడిగిన మొదటి ప్రశ్నే అది. నాకైతే రాజ్మాతో కీమానే బాగుంటుంది. ప్రతి ముద్దలో మాంసం తగులుతుంది, వంటా త్వరగా అవుతుంది. ముక్కలైతే ముగ్గురిలో ఒకడు ఏరుకుని తినేస్తాడు, మిగతావాళ్లకి గింజలే మిగుల్తాయి.

ఇనపమూకుడు
ఆ ఏరుకునేవాడిని నేనే 😅 అయినా ముక్కే.

సన్నమంట
కీమాప్రియ మాటలో న్యాయం ఉంది. పంపకం గొడవ నేను ఆలోచించలేదు. కీమా తీసుకుంటే కొంచెం కొవ్వున్నదే తీసుకో, చవగ్గా వస్తుంది. వేయించాక ఎక్కువైన కొవ్వు వంపేసి అందులో కొంచెంతో ఉల్లిపాయ వేయించుకో. కీమాని కూడా ముందు పలచగా పరిచి, ఒక వైపు ఎర్రబడేదాకా కదపకుండా వదిలి, తర్వాత చిదుముకో. గంటన్నర అక్కర్లేదు, టమాటాలతో అరగంట నలభై నిమిషాలు ఉడికితే సరి.

గ్రేవీ చిక్కదనంలో మాత్రం తేడా తెలుస్తుంది. పిక్క ముక్కలు కరిగి ఇచ్చే జిగురు కీమాలో అంతగా రాదు.

రసాయనశాల
కీమా విషయంలో ఇంకో జాగ్రత్త. ముక్కకి సూక్ష్మజీవులు ఎక్కువగా పై భాగంలోనే ఉంటాయి, వేయిస్తే పోతాయి. కీమా తీసేటప్పుడు పై భాగం లోపలికి కలిసిపోతుంది. కాబట్టి లోపల ఎక్కడా గులాబి రంగు ముద్దలు మిగలకూడదు. థర్మామీటర్ ఉంటే 71 డిగ్రీలు. ఈ వంటలో ఎలాగూ అరగంట ఉడుకుతుంది కాబట్టి భయం లేదు, వేయించేటప్పుడు రుచి చూడకండి, అంతే.

ఉల్లిపొర
అందరూ మర్యాదస్తులు కాబట్టి ఎవరూ అడగట్లేదు, నేనే అడుగుతా. ముగ్గురు మనుషులు, ఒకే గది, నాలుగు పూటల రాజ్మా. గాలి సంగతేంటి?

రసాయనశాల
రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు. వాటిని విడగొట్టే ఎంజైమ్ మన పేగుల్లో లేదు. అవి పెద్దపేగు దాకా అలాగే వెళ్తే అక్కడి బాక్టీరియా పులియబెట్టి గాలి చేస్తాయి. నానబెట్టిన నీళ్లు పారబోస్తే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. గింజలు తరచూ తినేవాళ్లకి కొన్ని వారాల్లో అలవాటైపోతుంది.

ఉల్లిపొర
కొన్ని వారాలు. వాళ్ల స్నేహం నిలబడాలని కోరుకుంటున్నా.

కొత్తగిన్నె
అప్‌డేట్, అందరూ చదవండి, అర్జెంట్. పిక్క దొరికింది, మాంసం సన్న మంట మీద ఘుమఘుమలాడుతోంది. కానీ రాజ్మా! రాత్రంతా ఉప్పునీళ్లలో నానాయి. అక్క చెప్పినట్టు మరిగించి, ఇప్పటికి రెండు గంటలు ఉడికించా. నమిలితే మధ్యలో ఇంకా సుద్దలా ఉంది. ప్యాకెట్ షెల్ఫ్‌లో వెనకాల ఉన్నది తీశా, కొంచెం దుమ్ము పట్టి ఉంది. ఏం చేయాలి?

సన్నమంట
టమాటాలు వేయలేదు కదా?

కొత్తగిన్నె
లేదక్కా.

సన్నమంట
బతికాం. వేయకు. గింజలు బాగా పాతవి. ఏళ్ల తరబడి, అందులోనూ వేడిలో, తేమలో నిలవ ఉన్నవి ఎంత ఉడికించినా లొంగవు. పావు టీస్పూన్ వంటసోడా వేసి కుక్కర్‌లోకి మార్చు.

కుక్కర్_కూత
ప్రెషర్ వచ్చాక పదిహేను నిమిషాలు, దానంతటదే దిగనివ్వు. ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నానో ఈ క్షణం కోసం.

రసాయనశాల
సోడా పావు టీస్పూన్ దాటనివ్వకండి. క్షారం పెక్టిన్‌ని త్వరగా కరిగిస్తుంది, కానీ ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, థయమిన్ (బి1 విటమిన్) కూడా దెబ్బతింటుంది. ఈసారికి గింజలు ఉడికించిన నీళ్లు గ్రేవీలో కొంచెమే వాడండి. మిగతాది మామూలు నీళ్లు.

కొత్తగిన్నె
మెత్తబడ్డాయి!! కొన్ని పగిలాయి గానీ మెత్తబడ్డాయి. టమాటాలు, గింజలు వేసేశా. ఇప్పుడు ఇంకో సంగతి, పలచగా ఉంది, చారులా.

సన్నమంట
పగిలిన గింజలే మందు. ఒకటిన్నర గరిటెల గింజలు తీసి మెత్తగా మెదిపి తిరిగి కలిపెయ్యి. మైదా, కార్న్‌ఫ్లోర్ ఏమీ వద్దు. మూత తీసి పావుగంట. అడుగు అంటుతుంది, మధ్యమధ్యలో కలుపుతూ ఉండు. రేపటికి ఇంకా గట్టిపడుతుంది, కాబట్టి ఇప్పుడు కాస్త పలచగా అనిపించినా పర్లేదు.

ఇనపమూకుడు
ఉప్పు ఇప్పుడు చూడు, ముందు కాదు. నానిన గింజల్లో కొంత ఉంది, ఉల్లిపాయల్లో కొంత ఉంది. ఉప్పు సరిపోయినా ఏదో తక్కువైనట్టు అనిపిస్తే దించే ముందు ఒక చెంచా వెనిగరో, సగం చెక్క నిమ్మరసమో పిండు. ఇంట్లో సోయా సాస్ ఉంటే ఒక చెంచా అది కూడా వెయ్యి, మాంసం రుచి రెట్టింపైనట్టు ఉంటుంది. తక్కువ మాంసంతో వండేవాడికి అది మంచి తోడు.

డబ్బాపప్పు
ఎక్కువసేపు ఉడికే వంటకి రెండు చదరపు డార్క్ చాక్లెట్ ముక్కలు వేసేవాళ్లు కూడా ఉన్నారు. చేదు, తీపి కలిసి కారం ఘాటుని మెత్తబరుస్తాయి. ఇష్టమైతేనే, తప్పనిసరి కాదు.

ఇనపమూకుడు
చాక్లెట్ విడిగా తింటా, థాంక్యూ.

కొత్తగిన్నె
తిన్నాం. ముగ్గురం మాట్లాడుకోకుండా తిన్నాం, దాన్ని బట్టి అర్థం చేసుకోండి. ఒకడు అన్నంతో, ఒకడు బ్రెడ్‌తో, నేను గిన్నెలో పోసుకుని చెంచాతో. కారం ఒక చెంచా తగ్గిస్తే నాకు బాగుండేది, మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు. కీమాప్రియ గారు చెప్పినట్టే ఒకడు ముక్కలు ఏరాడు. గిన్నెలో ఇంకా ముప్పావు భాగం ఉంది. మూత పెట్టి పొయ్యి మీదే వదిలేస్తే పొద్దున వేడి చేసుకోవచ్చా?

రసాయనశాల
వదలొద్దు. పెద్ద గిన్నెలో మాంసం కూర నెమ్మదిగా చల్లారడం అనేది క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనే బాక్టీరియాకి అచ్చంగా కావాల్సిన పరిస్థితి. దాని స్పోర్లు, అంటే విత్తనాల్లాంటి మొండి రూపాలు, మామూలు ఉడుకుకి చావవు. గోరువెచ్చబడ్డాక మొలకెత్తి, 43-47 డిగ్రీల మధ్య మహా వేగంగా పెరుగుతాయి. పెద్ద గిన్నె ఆ వేడిలో గంటల తరబడి ఉంటుంది. రెండు మూడు వెడల్పాటి, లోతు తక్కువ గిన్నెల్లోకి పంచి, కింద చల్లటి నీళ్ల పళ్లెం పెట్టండి. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మూడు నాలుగు రోజులు ఉంటుంది. తినేటప్పుడు కావాల్సినంతే తీసి బుడగలొచ్చేదాకా వేడి చేయండి. మొత్తం గిన్నెని రోజూ వేడి చేసి చల్లార్చొద్దు. అన్నం మిగిలితే దానికీ ఇదే వర్తిస్తుంది, అన్నాన్ని కూడా బయట వదలొద్దు.

కొత్తగిన్నె
సరే, ఇప్పుడే పంచేస్తున్నా. రాత్రి పదకొండున్నరకి గిన్నెలు వెతుక్కుంటున్నాం ముగ్గురం.

నీటిచుక్క
ఫ్రీజర్‌లో పెట్టొచ్చా? గింజలు పిండైపోవా?

సన్నమంట
పెట్టొచ్చు, రెండు మూడు నెలలు రుచి బాగానే ఉంటుంది. గింజలు కాస్త మెత్తబడతాయి, గ్రేవీలో ఉన్నాయి కాబట్టి తెలియదు. ఒక్కో పూటకి సరిపడా విడివిడిగా పెట్టు. ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి దించుకుంటే పొద్దునకి కరుగుతుంది.

అరగంట_చాలు
ఆలస్యంగా వచ్చా. ఇదంతా చదివితే ఆకలేస్తోంది గానీ నా దగ్గర అరగంటే ఉంది, ఇద్దరికి వండాలి. ఏదైనా దారి ఉందా?

డబ్బాపప్పు
ఇదిగో, ఇప్పుడు నా వంతు. పావుకిలో కీమా, రాజ్మా రెండు డబ్బాలు, టమాటా ఒక డబ్బా, ఉల్లిపాయ ఒకటి. వెడల్పాటి మూకుడు బాగా వేడి చేసి కీమా పలచగా పరిచి ఐదు నిమిషాలు కదపకు. ఎర్రబడ్డాక చిదిమి పక్కకి నెట్టి, ఖాళీలో ఉల్లిపాయ వెయ్యి, ఇంకో ఐదు నిమిషాలు. వెల్లుల్లి, జీలకర్ర పొడి, కారం. టమాటా పోసి అడుగు గీకు. గింజలు కడిగి వేసి, నాలుగో వంతు గరిటెతో అక్కడే నలిపెయ్యి. మూత లేకుండా పదిహేను నిమిషాలు. డబ్బా గింజలు ముందే ఉడికి ఉంటాయి కాబట్టి టమాటాతో పాటు వేసినా మొండికేయవు. ఉప్పు మాత్రం ఆఖర్న చూసుకో. ఇద్దరికి రెండు పూటలు వస్తుంది.

అరగంట_చాలు
ఇద్దరికి రెండు పూటలా? అదృష్టం. మూకుడు పొయ్యి మీద పెట్టేశా అక్కా.

ఇనపమూకుడు
పొగ వచ్చేదాకా ఆగు.